గుండె యానిమేషన్ మూడుసార్లు వేసి చూపించాను, అయినా పిల్లలకి ఎక్కలేదు. తప్పెక్కడ?

చంద్రగిరి టీచరమ్మ:

అందరికీ నమస్కారం. చంద్రగిరి వైపు ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. విషయం కొంచెం పొడుగు, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

పోయిన నెల పదో తరగతికి రక్తప్రసరణ పాఠం. క్లాసులో గోడకి పెద్ద డిజిటల్ ప్యానెల్ ఉంది, గుండె మీద మంచి యానిమేషన్ ఒకటి దొరికితే అందులో వేశాను. నిజంగానే మంచిది. కర్ణికలు (గుండె పై గదులు) ముడుచుకోవడం, కవాటాలు తెరుచుకోవడం, ఆక్సిజన్ తక్కువున్న రక్తం నీలంగా, ఎక్కువున్నది ఎర్రగా పరిగెత్తడం, వెనక మ్యూజిక్కు, అన్నీ ఉన్నాయి. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. "మేడం ఇంకోసారి, మేడం ఇంకోసారి" అని మూడుసార్లు వేయించుకున్నారు. నాకూ సంబరంగానే ఉండింది. మర్నాడు పుస్తకాలు మూయించి, రక్తం కుడి కర్ణికలో బయల్దేరి మళ్ళీ అక్కడికే ఎలా చేరుతుందో బాణం గుర్తులతో గీయమన్నాను. 42 మందిలో సరిగ్గా గీసింది ఆరుగురు. ఒకడైతే ఊపిరితిత్తులకి పోయే పుపుస ధమనిని నేరుగా ఒంటికి రక్తం పంపే మహాధమనికి అతికించి చేతులు దులుపుకున్నాడు, ఊపిరితిత్తుల అవసరమే లేదు వాడికి.

ఇదే పాఠం కిందటేడు కరెంటు లేని రోజున చాక్‌పీసుతో బోర్డు మీద ఒక్కో గదీ గీసుకుంటూ చెప్తే సగం మందికి పైగా సరిగ్గా వేశారు. అప్పుడు మ్యూజిక్కూ లేదు, రంగులూ లేవు.

ఇంకో సంగతి. వచ్చే నెల తిరుపతిలో టీచర్ల సెమినార్‌లో నేను మాట్లాడాలి, "యానిమేషన్: కళ, పరిశ్రమ, బోధనోపకరణం" అని టాపిక్ ఇచ్చారు. చదువుదామని కూర్చుంటే కళ అనేవాళ్ళు ఒక భాషలో, పరిశ్రమ అనేవాళ్ళు ఇంకో భాషలో, చదువు గురించి రాసేవాళ్ళు మూడో భాషలో మాట్లాడుతున్నారు. మా చిన్నాన్న కొడుకు హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో చేస్తాడు, వాణ్ని అడిగితే "కళ ఏందక్కా, మాది రోజుకిన్ని ఫ్రేములని లెక్క" అన్నాడు. వీళ్ళందరూ ఒకే వస్తువు గురించి మాట్లాడుతున్నారా? తెలిసినవాళ్ళు చెప్పండి. ముందు నా గుండె సంగతి చెప్పినా చాలు.

ఎస్వీయూ పాత హాస్టల్:

మేడం, మీకు జరిగింది కొత్తేమీ కాదు. ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ పేరుతో మూడేళ్ళుగా ఈ గొడవలోనే తిరుగుతున్నాను కాబట్టి కొంచెం సుత్తి వేస్తాను, క్షమించండి.

2002లో బార్బరా ట్వెర్‌స్కీ, ఇంకో ఇద్దరు పరిశోధకులు కలిసి అప్పటిదాకా జరిగిన పోలికలన్నీ ముందేసుకుని కూర్చున్నారు. యానిమేషన్ గెలిచిందని చెప్పిన చాలాచోట్ల పోటీయే సమానంగా లేదని తేలింది. కదిలే బొమ్మలో ఉన్న సమాచారం పక్కన పెట్టిన కదలని బొమ్మలో లేదు, ఇంక అది గెలవక ఏం చేస్తుంది. వాళ్ళు రెండు షరతులు పెట్టారు. తెరమీది కదలిక, చెప్పదల్చుకున్న విషయంలోని కదలికతో సరిపోవాలి. చూసేవాడు అందుకోగలిగేంత నెమ్మదిగా, తేటగా ఉండాలి. మీ గుండె మొదటిదాంట్లో పాసు, రెండోదాంట్లో ఫెయిలు.

2005లో రిచర్డ్ మేయర్ బృందం ఇంకా మొండిగా పరీక్ష పెట్టింది. మెరుపు ఎలా పుడుతుంది, ఫ్లష్ ట్యాంకు ఎలా పనిచేస్తుంది, సముద్రంలో అల, కారు బ్రేకు. ఒక గుంపుకి కంప్యూటర్లో మాటలతో యానిమేషన్, ఇంకో గుంపుకి కాగితం మీద కదలని బొమ్మలు, పక్కన రాత. మొత్తం 8 పోలికల్లో నాలుగింట కాగితం గెలిచింది, మిగతా నాలుగూ సమానం. యానిమేషన్ ఒక్కటీ గెలవలేదు.

ఇది పట్టుకుని ప్యానెల్ పీకేయమని హెడ్‌మాస్టర్‌కి చెప్పేయకండి. 2007లో హోఫ్లర్, లాయిట్నర్ అనే జర్మన్లు 26 అధ్యయనాల్లోని 76 పోలికలు కలిపి లెక్కకట్టారు. మొగ్గు యానిమేషన్ వైపే ఉంది, అయితే మరీ పెద్దదేం కాదు. అందులో అసలు చూడాల్సింది వేరే. చేత్తో చేసే పని నేర్పేటప్పుడు లాభం బాగా ఎక్కువ, ఊరికే అలంకారానికి పెట్టినప్పుడు పెద్దగా ఏం లేదు. అంటే ముడి వేయడం నేర్పాలంటే వీడియో, ఎందుకు అలా జరుగుతుందో చెప్పాలంటే జాగ్రత్త.

కారణం ఏంటంటే, నాకు నచ్చిన వివరణ మేరీ హెగర్టీది, 1992. గిలకలు, తాళ్ళు ఉన్న కదలని బొమ్మ చూపించి "ఈ తాడు లాగితే ఆ గిలక ఎటు తిరుగుతుంది" అని అడిగి, మనుషుల కళ్ళు ఎక్కడెక్కడ ఆగుతున్నాయో కొలిచారు. ఎవరూ మొత్తం యంత్రాన్ని బుర్రలో ఒకేసారి తిప్పడం లేదు. తాడు పట్టుకుని మొదటి గిలక దగ్గరికి పోతారు, దాన్ని మనసులో తిప్పుకుంటారు, తర్వాత రెండోదానికి పోతారు. కిందటేడు మీ బోర్డు మీద జరిగింది అచ్చం అదే. మీరు గది గీసి ఆగినప్పుడల్లా పిల్లలు రక్తాన్ని తామే తోసుకున్నారు. ఈసారి ఆ పని ప్యానెల్ చేసిపెట్టింది.

పైగా తెలియనివాడి కన్ను ఎక్కువ కదిలేదాని వెంట పోతుంది, ముఖ్యమైనదాని వెంట కాదు. వాతావరణ పటాల మీద రిచర్డ్ లో అనే పరిశోధకుడు చేసిన పని అంతా ఇదే. మీవాళ్ళు ఎర్ర చుక్కల పరుగు చూసుంటారు, కవాటం చూసుండరు.

పలమనేరు సోషల్ సార్:

థియరీ నాకు తెలియదు గానీ మేడం, ఒక చిట్కా. సౌండ్ ఆపేయండి. మూడు సెకన్లకోసారి పాజ్ కొట్టి "ఇప్పుడు ఏమవుతుంది?" అని అడగండి. వాళ్ళు చెప్పాకే ప్లే. నేను రుతుపవనాలకి ఇట్లాగే చేస్తాను. పీరియడ్ మొత్తం పోతుంది, సిలబస్ వెనకబడుతుంది, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు "వీడియో ఆగిపోతోందేంటి, నెట్ లేదా" అంటారు. అది వేరే సంగతి.

పెగ్‌బార్ పాతకాపు:

టీచరమ్మ గారూ, మీ తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు. నేనూ ఆ లెక్కలోంచే వచ్చాను. 2004లో హైదరాబాద్ పోయి పదకొండేళ్ళు రెండుమూడు స్టూడియోల్లో టూడీ, అంటే చేత్తో గీసే యానిమేషన్ చేసి తిరిగొచ్చాను. ఇప్పుడు తిరుపతిలో ఫ్లెక్సీలు, పెళ్ళి వీడియోలు. మా అమ్మ ఇప్పటికీ ఎవరన్నా అడిగితే "బొమ్మలు గీసే ఆఫీసులో చేసేవాడు" అంటుంది.

పని ఎలా ఉంటుందో చెప్తే మీ ప్రశ్నకి సగం జవాబు వస్తుంది. ఒక పాత్ర చెయ్యెత్తాలి. చెయ్యి కిందున్న బొమ్మ ఒకటి, పైకి లేచిన బొమ్మ ఒకటి, ఈ రెండూ సీనియర్ గీస్తాడు. వాటిని కీ డ్రాయింగులు అంటాం. ఆ రెంటి మధ్య ఉండాల్సిన బొమ్మలు ఇన్‌బిట్వీనర్ గీస్తాడు. ఆ ఇన్‌బిట్వీనర్‌ని నేనే. కాగితానికి కింద మూడు చిల్లులుంటాయి, పెగ్‌బార్ అనే మొలల పట్టీకి తగిలిస్తే కాగితం జరగదు. కింద లైటు, పైన మూడు కాగితాలు ఒకదాని మీద ఒకటి. ఎడంచేతి వేళ్ళ సందుల్లో ఆ కాగితాలు పెట్టుకుని ముందుకీ వెనక్కీ ఆడిస్తూ కుడిచేత్తో మధ్య బొమ్మ గీయాలి. ఆరు నెలలకి ఎడంచెయ్యి దానంతట అదే ఆడుతుంది. రాత్రి నిద్రలో దుప్పటి అంచు కూడా అలాగే ఆడించేవాడినని మా రూమ్మేట్ నవ్వేవాడు.

సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలబెడితే సెకనుకి 12 బొమ్మలు. అందులో కీ డ్రాయింగులు మూడో నాలుగో, మిగతావన్నీ మాలాంటివాళ్ళవి. ఇప్పుడు ఇండస్ట్రీ చరిత్ర అంతా ఈ మధ్య బొమ్మల్ని ఎవరిచేత తక్కువలో గీయించాలన్న చరిత్రే. అమెరికా టీవీ కార్టూన్ల పని మెల్లగా బయటి దేశాలకి పోయింది. 1978లో తైవాన్‌లో జేమ్స్ వాంగ్ పెట్టిన స్టూడియో అమెరికా వాళ్ళ కార్టూన్లు టన్నులకొద్దీ గీసింది. తర్వాత కొరియా, మనీలా. పని బయటికి పోతోందని 1982లో హాలీవుడ్ యానిమేటర్లు సమ్మె చేశారు, పని ఆగలేదు. ఆ వరసలో మన వంతు వచ్చింది. కథ, డిజైను, స్టోరీబోర్డు అక్కడ, చాకిరీ ఇక్కడ. మాకు ఎక్స్‌పోజర్ షీట్ వచ్చేది, ఏ ఫ్రేముకి ఏ బొమ్మో అందులో రాసుండేది. సినిమా కథ ఏంటో చాలాసార్లు తెలిసేది కాదు. నేను ఒక ఎలుగుబంటి కుడిచేతిని నాలుగు నెలలు గీశాను. ఆ ఎలుగుబంటి మంచిదో చెడ్డదో నాకు ఇప్పటికీ తెలియదు.

అన్నీ అలాంటివే అని కాదు. ఛోటా భీమ్ హైదరాబాద్‌లో పుట్టినవాడే, 2008 నుంచి టీవీలో వస్తున్నాడు. సొంత పాత్ర, సొంత హక్కులు ఉంటే లెక్క మారిపోతుంది, బొమ్మలు, టిఫిన్ డబ్బాలు, బ్యాగులు అన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. అలా కాకుండా కూలికి చేసే పని ఎంత గొప్పదైనా నమ్మకం లేదు. "లైఫ్ ఆఫ్ పై" సినిమాలో పులిని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీకి హైదరాబాద్‌లో కూడా స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సినిమాకి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది, కంపెనీ దివాలా పిటిషన్ వేసిందీ ఆ ఫిబ్రవరిలోనే.

ఇక కళ సంగతి. కెనడాలో నార్మన్ మెక్‌లారెన్ అని ఒకాయన ఉండేవాడు, కెమెరా లేకుండా ఫిల్మ్ మీదే నేరుగా గీసేవాడు. ఒక్కో ఫ్రేములో ఏముందన్నది కాదు, ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ఏం జరుగుతోందన్నదే యానిమేషన్ అనేవాడు. ఈ ఒక్క మాట నాకు ఉద్యోగంలో చేరిన రోజే ఎవరన్నా చెప్పుంటే నా పనిని నేను ఇంకోలా చూసుకునేవాణ్ని. ఆయనే 1949లో యునెస్కో తరఫున చైనా పోయి, పల్లెల్లో ఆరోగ్యం గురించి చెప్పే బొమ్మలు, ఫిల్మ్‌స్ట్రిప్పులు చేయడం అక్కడి కళాకారులకి నేర్పాడు. అంటే కళ ఆయనదే, పాఠమూ ఆయనదే. గోడలు మనం కట్టుకున్నవి.

నాకు అర్థమైంది ఇది. కళ చేసేవాడు ఆ మధ్యని తనే గీసుకుంటాడు. ఇండస్ట్రీ నాలాంటివాడి చేత గీయిస్తుంది. పాఠంలో మాత్రం దాన్ని పిల్లాడు గీయాలి, మీ ప్యానెల్ వాడి బదులు గీసి చేతిలో పెట్టింది. పాత హాస్టల్ గారు గిలకల గురించి చెప్పింది చదివాక ఇదే అనిపించింది.

అందుకని ఒకటి చేసి చూడండి. గుండె ఒకసారి కొట్టుకోవడానికి సుమారు 0.8 సెకను అని మీ పుస్తకంలోనే ఉంటుంది. సెకనుకి 12 బొమ్మల లెక్కన దాదాపు పది బొమ్మలు. పది చీటీలు చాలు. కర్ణికలు ముడుచుకునేది 0.1 సెకను, ఒక చీటీ. జఠరికలు, అంటే కింది గదులు, 0.3, నాలుగు చీటీలు. మిగతా 0.4 విశ్రాంతి, ఐదు చీటీలు. ఇది అచ్చంగా మా ఎక్స్‌పోజర్ షీటే. మీరు మూడు కీ బొమ్మలు బోర్డు మీద వేసి ఊరుకోండి. మధ్యవి వాళ్ళని గీయమనండి. పిన్ను కొట్టి బొటనవేలితో తిప్పడమే.

లీలామహల్ సెంటర్:

పాతకాపు అన్నా, ఎలుగుబంటి కుడిచెయ్యి మీద ఒక సినిమా తీయొచ్చు.

కళ గురించి ఒక్క మాట. యూనివర్సిటీలవాళ్ళు దీన్ని పట్టించుకోవడమే ఆలస్యంగా మొదలైంది, సొసైటీ ఫర్ యానిమేషన్ స్టడీస్ పుట్టిందే 1987లో. అప్పటిదాకా సినిమా చదువుల్లో యానిమేషన్ అంటే పిల్లల మూల. తర్వాత లెవ్ మనోవిచ్ అని ఒకాయన బల్ల తిరగేశాడు. సినిమా అసలు కదిలే బొమ్మల ఆటల్లోంచే పుట్టింది, పుట్టాక వాటిని పక్కకి నెట్టేసింది, డిజిటల్ వచ్చాక మళ్ళీ సినిమాయే యానిమేషన్‌లో ఒక రకం అయిపోయింది అని ఆయన వాదన. నాకు చదవగానే ఈగ గుర్తొచ్చింది. 2012లో మనమంతా థియేటర్‌లో ఈలలు వేసింది ఎవరికి? కంప్యూటర్లో చేసిన ఈగకి. సినిమాలో ముప్పాతిక భాగం హీరో ఒక యానిమేషన్ పాత్ర. అయినా దాన్ని యానిమేషన్ సినిమా అని ఎవరూ అనరు, అంటే మనకి కోపం కూడా వస్తుంది. 2006లో కిట్టు అని పూర్తి తెలుగు యానిమేషన్ సినిమా వచ్చింది, జాతీయ అవార్డు తెచ్చుకుంది. ఇక్కడ ఎంతమంది చూశారో చెయ్యెత్తండి. నేను చూడలేదు.

స్వర్ణముఖి ఒడ్డు:

మాది శ్రీకాళహస్తి, ఇంట్లో కలంకారీ పని. అందరూ కదిలేదాని గురించే మాట్లాడుతున్నారు, మా గుడ్డ కదలదు. కానీ పాత రామాయణం గుడ్డ పరిచి చూపిస్తే ముసలామె వేలు పెట్టి ఎడమ నుంచి కుడికి గళ్ళు చదువుకుంటూ పోతుంది. గడి కింద తెలుగులో రాతుంటుంది. ఒక గడిలో రాముడు విల్లు ఎత్తుతాడు, పక్క గడిలో అది విరిగిపోయి ఉంటుంది. మధ్యలో జరిగింది ఎవరూ గీయలేదు, ఆమె బుర్రలో జరిగింది. పాతకాపు అన్న చెప్పిన మధ్య బొమ్మ మా గుడ్డలో ఖాళీ గీత.

మాది తొందరగా అయ్యే పని కాదు. గుడ్డని కరక్కాయ, పాలల్లో నానబెట్టి ఆరేయాలి, లేకపోతే రంగు పాకిపోతుంది. చింతబొగ్గుతో గీసుకుని, తర్వాత కసిమితో గీత వేస్తాం. ఇనుము తుక్కు, బెల్లం నీళ్ళల్లో రోజుల తరబడి ఊరితే వచ్చే నలుపు అది. గీసినప్పుడు లేతగా ఉంటుంది, కరక్కాయ తగిలి కళ్ళముందే నల్లబడుతుంది. నాకైతే అదే యానిమేషన్. ఎరుపు రావాల్సినచోట పటిక, మళ్ళీ పారే నీళ్ళల్లో ఉతుకు. ఇలా ఎన్నిసార్లో.

ఒక బాధ కూడా చెప్పుకుంటాను. రెండేళ్ళ కింద ఒక కంపెనీవాళ్ళు వచ్చి మా నాన్న గీసిన గుడ్డ ఫోటోలు తీసుకున్నారు, ఏదో ప్రకటనకన్నారు. తర్వాత ఫోన్‌లో చూశాం, మా హనుమంతుడు ఎగురుతున్నాడు. పేరు లేదు, డబ్బు సంగతి సరే. నాన్నకి వచ్చిన కోపం దానికి కాదు. కలంతో గీసిన గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నంగా ఉంటుంది, కలానికి చుట్టిన ఉన్ని పిండేకొద్దీ రంగు దిగుతుంది కాబట్టి. వాళ్ళు దాన్ని పైపులాగా సమంగా చేసేశారు. తోకేమో ఎగురుతున్న వైపుకే ఊగుతోంది. "గాలి ఎటు వీస్తందో కూడా తెలీదా వీళ్ళకి" అని నాన్న అప్పట్నుంచి ఇప్పటిదాకా తిడుతున్నాడు.

ఎస్వీయూ పాత హాస్టల్:

స్వర్ణముఖి గారూ, మీ నాన్నగారిని సెమినార్‌కి పిలవాలి, మమ్మల్ని కాదు.

మన తోలుబొమ్మలాట సంగతి కూడా ఇక్కడ రావాలి. చేతులు, తల విడిగా కోసి దారంతో కట్టి, తెర వెనక దీపం పెట్టి ఆడించే పద్ధతి మనది. జర్మనీలో లోట్టే రైనిగర్ అని ఒకామె నల్ల కాగితం బొమ్మల్ని కీళ్ళ దగ్గర తీగతో కట్టి, కింద నుంచి లైటు వేసి, ఒక్కో ఫ్రేముకి కొంచెం జరుపుతూ 1926లో పూర్తి నిడివి సినిమా తీసింది. డిస్నీ స్నో వైట్ వచ్చింది 1937లో. ఆమె ఆసియా నీడబొమ్మల సంప్రదాయంలో నిలబడి చేసింది, కాబట్టి "యానిమేషన్ అంటే పడమటి నుంచి వచ్చింది" అని ఎవరైనా సెమినార్‌లో అంటే మేడం, లేచి నిలబడండి.

ఇంకోటి మీ సబ్జెక్టుకి దగ్గరది. దాదాసాహెబ్ ఫాల్కే రాజా హరిశ్చంద్రకి ముందే, 1912 ప్రాంతంలో, కుండీలో బఠానీ గింజ నాటి కెమెరా ముందు పెట్టి కొద్దికొద్దిగా తీస్తూ పోయాడు. తెరమీద వేస్తే మొక్క గబగబా పెరిగింది. అది చూపించే పెట్టుబడి సంపాదించాడు. మన సినిమా ఫైనాన్స్ మొదలైందే ఒక బోటనీ పాఠంతో అన్నమాట. ప్రభుత్వం కూడా 1956లో ఫిల్మ్స్ డివిజన్‌లో కార్టూన్ యూనిట్ పెట్టింది జనానికి విషయాలు చెప్పడానికే. నేర్పడానికి డిస్నీలో చేసిన క్లెయిర్ వీక్స్ వచ్చాడు. మన దగ్గర పాఠం, పరిశ్రమ, కళ ఒకే గదిలో మొదలయ్యాయి.

పాకాల నాన్న:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మావాడు ఇంటర్ అయిపోయింది, యానిమేషన్ కోర్సులో చేరతానని పట్టుబట్టాడు. ఒకచోట ఏడాదికి లక్షన్నర ఫీజు అంటున్నారు, హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్ అంట. పాతకాపు గారు చెప్పింది చదివాక టెన్షన్ వచ్చేసింది. చేర్చమంటారా వద్దా?

పెగ్‌బార్ పాతకాపు:

పాకాల అన్నా, హండ్రెడ్ పర్సెంట్ అన్నచోట చేర్చొద్దు, అంతే. కిందటేడు పాసైన పిల్లల షోరీల్స్, అంటే వాళ్ళు చేసిన పని వీడియోలు చూపించమనండి, ఫోన్ నంబర్లు అడిగి వాళ్ళతో మాట్లాడండి. ప్లేస్‌మెంట్ అంటే చాలాసార్లు రోటో పని, హీరో అంచు చుట్టూ ఫ్రేము ఫ్రేముకీ గీత గీయడం. తప్పేం కాదు, అన్నం పెడుతుంది, కానీ లక్షన్నర పోసి నేర్చుకునేంతది కాదు. మీవాడికి మూడు నెలలు టైమివ్వండి. ఉచిత సాఫ్ట్‌వేర్ బ్లెండర్ ఉంది, కాగితం ఉంది. ముప్పై సెకన్లది సొంతంగా ఏదైనా చేసి చూపించమనండి. మూడు నెలల తర్వాత కూడా కూర్చుని గీస్తుంటే అప్పుడు మాట్లాడదాం.

చంద్రగిరి టీచరమ్మ:

అందరికీ చాలా థాంక్స్. చేసి చూసి రాద్దామని ఆగాను.

యూనిట్ టెస్టు పేపర్ల వెనకవైపు చీటీలు కోయించాను, మనిషికి పది. మూడు కీ బొమ్మలు బోర్డు మీద వేసి, రక్తం చుక్కలు పెన్సిల్‌తో పెట్టుకోమన్నాను. రెండు పీరియడ్లు పట్టింది, గణితం సార్‌ని బతిమాలుకుని ఒకటి అప్పు తీసుకున్నాను. క్లాసంతా స్టేప్లర్ చప్పుళ్ళు, పేపర్ రెపరెపలు. హెడ్‌మాస్టర్ కిటికీలోంచి చూసి ఏమీ అనకుండా పోయారు. మంచికో చెడుకో తెలియదు.

మొదట చీటీల పుస్తకాలు పూర్తయినవాళ్ళు తిప్పి చూసుకుని గోల చేస్తుంటే వెనక బెంచీ అమ్మాయి ఒకతి "మేడం, సగం కాగితాల్లో గుండె ఏం పని చేయట్లేదు, ఖాళీగా ఉంది" అంది. ఐదు చీటీల విశ్రాంతి అది. ఖాళీగా ఉందా, అయితే ఆ చుక్కలు ఎక్కడికి పోతున్నాయో చూడమన్నాను. కాసేపు తిప్పి "నిండుతోంది మేడం" అంది. పద్నాలుగేళ్ళుగా ఈ పాఠం చెప్తున్నాను, ఇంతవరకూ ఒక్కరు కూడా ఆ సంగతి అడగలేదు.

పుపుస ధమనిని మహాధమనికి అతికించినవాడు జఠరికలు ముడుచుకునే నాలుగు చీటీల్లోనూ కర్ణికకీ జఠరికకీ మధ్య కవాటం తెరిచే ఉంచాడు. తిప్పితే రక్తం పైకీ పోతోంది, బయటికీ పోతోంది. వాడే చూసుకుని "ఇదేంది మేడం, ఎనక్కి పోతాంది" అన్నాడు. పరీక్ష పేపర్లో అయితే నాకు ఆ తప్పు కనిపించేది కాదు. బాణం గుర్తు పెట్టేసి బయటపడేవాడు. రబ్బరుతో చెరిపి నాలుగింట్లోనూ కవాటం మూశాడు.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ అదే బొమ్మ గీయించాను. 40 మందిలో 27 మంది సరిగ్గా వేశారు.

ఎస్వీయూ పాత హాస్టల్:

చాలా బాగుంది మేడం, కానీ సెమినార్‌లో 6 నుంచి 27కి పెరిగిందని చెప్పకండి. అదే పాఠం వాళ్ళు రెండోసారి వింటున్నారు, పైగా రెండు పీరియడ్లు ఎక్కువ ఇచ్చారు. సమానమైన పోటీ కాదు, ఎవరో ఒకరు లేచి అడుగుతారు. బి సెక్షన్‌కి అదే టైములో పలమనేరు సార్ పాజ్ పద్ధతి చేసి చూస్తే అప్పుడు పోల్చొచ్చు.

చంద్రగిరి టీచరమ్మ:

ఒప్పుకున్నాను. అంకెలు చెప్పను, ఆ కవాటం చీటీలు పట్టుకెళ్ళి చూపిస్తాను. బి సెక్షన్ వచ్చే వారం. స్వర్ణముఖి గారూ, మీ నాన్నగారు నిజంగా వస్తారా? వస్తానంటే ఒక పాత గుడ్డ తెమ్మని చెప్పండి, ఆటో ఖర్చు నాది.

అన్నట్టు ఒకడు పుస్తకాన్ని వెనక నుంచి ముందుకి తిప్పి, రక్తం మొత్తం రివర్సులో పోవడం చూసి "మేడం, ఇట్లా తిప్పితే మనిషి చచ్చిపోతాడు" అని ప్రకటించాడు. అప్పట్నుంచి క్లాసులో ఎవరూ వెనక్కి తిప్పడం లేదు.